డెక్ మీద స్పగెట్టీ టవర్లు

పుట్టినరోజు కానుకలుగా నాకు ఇప్పటివరకూ వచ్చిన వంతెనలన్నీ వరసగా పేరిస్తే ఓ చిన్న వాగు దాటేయొచ్చు. ఐస్‌క్రీమ్ పుల్లలతో కట్టుకునేది ఒకటి. అగ్గిపుల్లలతో కట్టుకునేది ఒకటి. జిగురూ మేకులూ లేకుండా చెక్కముక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి నిలబెట్టేది ఒకటి. బల్ల మీద పెట్టి, దానికి చిన్న చిన్న ఇనప గుళ్ళు వేలాడదీస్తూ, ఎప్పుడు విరుగుతుందా అని ఎదురుచూసి, విరగ్గానే చప్పట్లు కొట్టుకునేది ఇంకొకటి. పెట్టె మీద ప్రతిసారీ ఒకటే బొమ్మ, పసుపు హెల్మెట్ పెట్టుకుని ఇకిలిస్తున్న మగమనిషి. మూల చిన్న అక్షరాల్లో, ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలకి అని ఉంటుంది. నాకు ఈ మే నెలలో యాభై నిండాయి.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని. ఉండేది అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్ళో, పని అట్లాంటా చుట్టూ ఎక్కడ పడితే అక్కడ. పాత పార్కింగ్ గరాజ్‌ల స్లాబుల్ని సుత్తితో తట్టి లోపల బోలుగా ఉందేమో వింటాను. బడి భవనాల్లో పగుళ్ళు కొలుస్తాను. ఆస్పత్రి మీద ఇంకో అంతస్తు వేస్తామంటే కింద స్తంభాలు మోస్తాయా లేదా లెక్క చూస్తాను. మోస్తాయనుకుంటే నా పేరుతో ముద్ర వేస్తాను, మోయవనుకుంటే రాసిచ్చి తిట్లు తింటాను. తిట్లు తినడమే ఎక్కువ.

ఈ ఊళ్ళో మా తెలుగువాళ్ళలో నూటికి తొంభైమంది సాఫ్ట్‌వేర్. వాళ్ళ పుట్టినరోజులకి వాచీలు వస్తాయి, పెర్ఫ్యూమ్‌లు వస్తాయి, లెదర్ పర్సులు వస్తాయి. నువ్వు కోడ్ రాస్తావు కదా అని వాళ్ళకెవరూ మీటలు నొక్కితే ఆవు అరిచే బొమ్మ కంప్యూటర్ కొనివ్వరు. నా విషయానికి వచ్చేసరికి అందరికీ ఎక్కడలేని క్రియేటివిటీ పుట్టుకొస్తుంది. 'నన్ను నమ్మండి, నేను ఇంజనీర్‌ని' అని రాసిన కాఫీ కప్పులు నా దగ్గర నాలుగున్నాయి. మా ఆయన ఒక ఏడాది ఇనప దూలం ముక్క ఆకారంలో వెండి లాకెట్ చేయించి తెచ్చారు. మెళ్ళో వేసుకుంటే చూసినవాళ్ళందరూ అది ఇంగ్లీష్ 'ఐ' అక్షరం అనుకుని, మీ ఇంటిపేరా, అత్తవారి ఇంటిపేరా అని అడిగారు. ఇంకో ఏడాది ఆడవాళ్ళందరూ కలిసి గోపురం బార్డర్ పట్టుచీర పెట్టారు. పెట్టి, "గోపురం కదక్కా, స్ట్రక్చరల్!" అని నవ్వారు. చీర మాత్రం బాగుంది, కాదనను.

కానుకలతో పోతే బాగుండేది. ఆ తర్వాత ఆటలు వచ్చాయి. స్పగెట్టీ టవర్ ఆట తెలియనివాళ్ళు అదృష్టవంతులు. ఇరవై ఎండు స్పగెట్టీ పుల్లలు, గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మాలో ఇస్తారు. పుల్లలతో టవర్ కట్టి దాని నెత్తిన ఆ మెత్తటి తెల్లమిఠాయి నిలబెట్టాలి, పద్దెనిమిది నిమిషాల్లో. ఆఫీసుల్లో టీమ్ బిల్డింగ్ పేరుతో దీన్ని ఆడి ఆడి, మావాళ్ళకి దీనిమీద పెద్ద పాండిత్యం వచ్చేసింది. ప్రతి పార్టీలోనూ ఒక మేనేజర్ ఉంటాడు. ఆట అయ్యాక చేతులు కట్టుకుని నిలబడి, దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏమిటంటే అని మొదలుపెడతాడు. నాకు ఒళ్ళు మండుతుంది. నేను నేర్చుకున్నది ఒకటే. కూలినప్పుడు జనం నవ్వే కట్టడం నా జీవితంలో అదొక్కటే.

నేను ఇంత వెటకారంగా రాస్తున్నానని నన్ను పెద్ద మొనగత్తెని అనుకోవద్దు. నా సంగతీ చెప్తాను.

ఆరేళ్ళ కిందట మాకు తెలిసిన ఒక కుటుంబం వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీయించాలనుకున్నారు. వ్రతాలకి ముత్తైదువులు ఎక్కువైతే ఇరుకవుతోందట. భోజనానికి పిలిచినప్పుడు ఆ గోడ చూశాను. పై అంతస్తు బరువు దానిమీదే ఉంది. బీమ్ వేయకుండా ఇది తీయొద్దు అన్నాను, పెరుగన్నం తింటూ, మామూలుగా. ఇంటాయన మొహం ముడుచుకుంది. కాంట్రాక్టర్ ఏం పర్లేదన్నాడండీ అన్నాడు. కాంట్రాక్టర్ చేతులు దులుపుకుని వెళ్ళిపోతాడు, పైన పడుకునేది మీ పిల్లలు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది అని తర్వాత మా ఆయన వందసార్లు చెప్పారు. వాళ్ళు బీమ్ వేయించారు. కానీ ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతానికి ఆ ఇంటినుంచి పిలుపు రాలేదు. ఆవిడకి అన్నిట్లో వంకలే కనిపిస్తాయి, శుభమా అని ఇల్లు బాగుచేసుకుంటుంటే పిల్లల మీద పడుతుందంది అని నాలుగిళ్ళు చెప్పుకున్నారు. నాలుగిళ్ళు పది అయ్యాయి. రెండేళ్ళపాటు శనివారం సాయంత్రాలు మా ఇంట్లో మేమిద్దరం, మా అమ్మాయి, టీవీ. అలా ఉండటం ఎంత కష్టమో ఈ దేశంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. అప్పుడే నోటికి తాళం వేసుకున్నాను.

ఆ రెండేళ్ళలో నన్ను వదలకుండా పట్టుకున్నది ఒక్క మనిషి. నాకంటే పదేళ్ళు చిన్నది. అక్కా అంటూ వారానికోసారి ఫోన్ చేసేది, గోంగూర పచ్చడి చేస్తే సీసాలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచి వెళ్ళేది, చివరికి చేయి పట్టుకుని లాక్కెళ్ళి అందరిలో మళ్ళీ కూర్చోబెట్టింది. వాళ్ళ ఇల్లు మా ఇంటికి పది నిమిషాల డ్రైవ్. ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలాగే అదీ వాలుమీద కట్టిన ఇల్లు. ముందునుంచి చూస్తే రెండంతస్తులు, వెనకనుంచి చూస్తే మూడు. వెనకవైపు బేస్‌మెంట్ తలుపు తీస్తే నేరుగా పెరట్లోకి వెళ్ళొచ్చు, దానికి పన్నెండడుగుల ఎత్తున, వంటింటి గాజు తలుపు బయట, కప్పులేని వసారాలా చెక్క డెక్.

మూడేళ్ళ కిందట వాళ్ళు ఆ డెక్‌ని రెండింతలు చేశారు. కౌంటీ పర్మిట్ అంటే ఆలస్యమవుతుందని ఎవరో చేయితిరిగిన మనిషిని పెట్టి రెండు వారాల్లో కానిచ్చేశారు. మనవాళ్ళం కదా, కొత్త డెక్‌కి కూడా ముహూర్తం పెట్టి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, పులిహోర పంచారు. నా స్నేహితురాలి కూతురికి అప్పుడు మూడేళ్ళు. పలకల సందులోంచి దాని చెప్పు కిందకి జారిపోతే, నేను తెస్తానని బేస్‌మెంట్‌లోంచి కిందకి వెళ్ళాను. చెప్పు తీసుకుని అలవాటు కొద్దీ తలెత్తి చూశాను.

డెక్‌కి ముందువైపు కాళ్ళుంటాయి, వెనకవైపు ఉండవు. వెనకవైపు బరువంతా ఇంటి గోడకి ఆనించి బిగించిన ఒక పొడుగాటి చెక్క మీద ఉంటుంది. దాన్ని లావుపాటి బోల్టులతో గోడ లోపలి చట్రానికి బిగించాలి. అక్కడ ఒక్క బోల్టు కూడా లేదు. మేకులు కొట్టారు. వరసగా, అందంగా, తళతళ మెరుస్తున్న కొత్త మేకులు.

పైకి వచ్చాను. నా స్నేహితురాలు చేతిలో పులిహోర పళ్ళెం పెట్టి, "ఎలా ఉందక్కా డెక్?" అంది. మొహం వెలిగిపోతోంది. చుట్టూ ముప్ఫైమంది. అందులో ఆ గోడవాళ్ళు కూడా ఉన్నారు. "చాలా బాగుంది," అన్నాను.

కార్లో మా ఆయనకి చెప్పాను. "ఇవాళ మాత్రం వద్దు. కొబ్బరికాయ కొట్టి గంట కాలేదు. రేపు ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పు," అన్నారు. మర్నాడు ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే ఆమె, "మీరు బాగుందన్నారని ఆయన ఎంత పొంగిపోయారో అక్కా, మా డెక్‌ని స్ట్రక్చరల్ ఇంజనీర్ ఓకే చేసిందని అందరికీ చెప్పుకుంటున్నారు," అంది. నేను పులిహోర రెసిపీ అడిగి పెట్టేశాను.

అక్కడినుంచి నాకు చెప్పడానికి రోజు దొరకలేదు. ఇది బయటివాళ్ళకి నమ్మశక్యంగా ఉండదు. మనం ఒకరింటికి ఒకరం వెళ్ళేది ఎప్పుడు? వరలక్ష్మీ వ్రతానికి. వినాయక చవితికి. దీపావళికి. పిల్ల పుట్టినరోజుకి. గ్రీన్ కార్డ్ వచ్చిందని సత్యనారాయణ వ్రతానికి. అన్నీ శుభదినాలే. శుభమా అని పిలిస్తే వెళ్ళి, మీ డెక్ కూలుతుంది అని ఎలా చెప్తారు? ఫోన్‌లో చెప్తే మొహం కనిపించదు, మెసేజ్ పెడితే పదిమందికి ఫార్వర్డ్ అవుతుంది. పనికిమాలిన సాకులు. నాకూ తెలుసు. ఏ గరాజ్ యజమాని అయినా ఇలాంటి సాకు చెప్పి ఉంటే ఆఫీసులో అతణ్ణి ఉతికి ఆరేసేదాన్ని.

దానికంటే నీచమైన పని ఇంకొకటి చేశాను. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టుకుని కిందకి దిగి, ఆ చెక్క ఎలా ఉందో చూసి వచ్చేదాన్ని. మొదటి ఏడాది కదల్లేదు. రెండో ఏడాది మేకుల కింద తుప్పు చారలు కనిపించాయి. కిందటేడు చెక్కకీ గోడకీ మధ్య సందు మొదలైంది, గోరు పట్టేంత. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. పాతికమంది లోపైతే పరవాలేదు అని తేల్చి మా ఆయనకి చెప్పాను. ఆ లెక్క చెప్పి ఎవరి కడుపు నింపానో తెలియదు. నేను మాత్రం ఆ మూడేళ్ళలో గాజు తలుపు దాటి ఒక్క అడుగు బయట పెట్టలేదు. మోకాళ్ళ నొప్పులనీ, పుప్పొడి పడదనీ చెప్పి లోపల సోఫాలో కూర్చునేదాన్ని.

ఇక నా యాభయ్యో పుట్టినరోజు. శనివారం మధ్యాహ్నం మూడింటికి, ఏదో పూజ సామాను తీసుకోవాలని చెప్పి మా ఆయన నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళారు. తలుపు తీయగానే అరవైమంది ఒక్కసారి అరిచారు. సర్‌ప్రైజ్ పార్టీలు కనిపెట్టినవాళ్ళని ఏం చేసినా పాపం లేదు. కాలేజీనుంచి మా అమ్మాయి కూడా వచ్చింది. అది, నా స్నేహితురాలు కలిసి నెల రోజులుగా చేసిన కుట్ర ఇది. క్రేన్ ఆకారంలో కేకు. పసుపు హెల్మెట్ల కాగితపు టోపీలు. గోడమీద బ్లూప్రింట్‌లాంటి నీలం కాగితం, దానిమీద నా చిన్నప్పటి ఫోటోలు. ఇన్ని చూసి నవ్వుతూనే ఉన్నాను. ఆ తర్వాత గాజు తలుపులోంచి బయటికి చూశాను. డెక్ మీద అయిదు బల్లలు, ఒక్కో బల్ల మీద స్పగెట్టీ కట్ట, టేపు, దారం, మార్ష్‌మాలో.

"అమ్మా, నువ్వు జడ్జ్," అంది మా అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది కానీ మాటల తోకలు తెగిపోతాయి. "ఫైవ్ టీమ్స్. ఎయిటీన్ మినిట్స్. నువ్వు ఎవరికీ హెల్ప్ చెయ్యకూడదు, ఓకే?"

మా ఆయన వంక చూశాను. ఆయన మెల్లగా, "అయిదు టీముల్లో అయిదుగురేసి. పాతికే కదా," అన్నారు. నా లెక్క నాకే అప్పజెప్పారు.

గాజు తలుపు లోపల కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. బయట ఆట మొదలైంది. నెలకి ఎన్ని కోట్ల లైన్ల కోడ్ నడుపుతారో, ఎన్ని టీముల్ని మేనేజ్ చేస్తారో, ఒక్కరికీ త్రికోణం కట్టాలన్న ఆలోచన రాలేదు. నలుచదరాలు కట్టారు, అవి వాలిపోతుంటే టేపు చుట్టారు, ఇంకా వాలిపోతుంటే ఇంకా చుట్టారు. ఒక టీము నిమిషం మిగిలి ఉండగా మార్ష్‌మాలో పెట్టింది. టవరు నమస్కారం పెట్టినట్టు వంగి బల్ల మీద పడింది. కేకలు, నవ్వులు. ఒకాయన నవ్వుతూ గెంతాడు. ఆయన గెంతినప్పుడు నా కాళ్ళ కింద వంటింటి నేల చిన్నగా అదిరింది. అది నాకొక్కదానికే తెలిసింది.

మేనేజర్ చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. "దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఏంటంటే, ఫెయిల్ ఫాస్ట్." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అయిపోయింది, ఇక లోపలికి వచ్చేస్తారు అనుకున్నాను.

అప్పుడు ఇంటాయన, నా స్నేహితురాలి భర్త, చేతిలో డ్రోన్‌తో వచ్చాడు. మంచి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. "అందరూ డెక్ మీదకి రావాలి! కిచెన్‌లో ఉన్న లేడీస్, బేస్‌మెంట్‌లో ఉన్న పిల్లలు, ఎవరీబడీ! ఫిఫ్టీ షేప్‌లో నిలబడాలి. అక్క జీరో మధ్యలో కుర్చీలో కూర్చుంటారు. వన్ టూ త్రీ అనగానే అందరూ ఒకేసారి జంప్ చేయాలి. పైనుంచి స్లో మోషన్‌లో తీస్తాను, అదిరిపోతుంది!"

అరవైమంది. ఒకేసారి. జంప్.

ముందు నేను చేసింది చెప్పాలంటే సిగ్గుగా ఉంది. "వాన వచ్చేట్టుందేమో," అన్నాను. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అందరూ నవ్వారు. "లాన్‌లో తీద్దామండీ, పచ్చగా బాగుంటుంది," అన్నాను. "లాన్ స్లోప్ కదక్కా, ఫైవ్ వంకరొస్తుంది," అన్నాడు ఇంటాయన. "ఫోటోలు నాకు పడవు," అన్నాను. అప్పటికే జనం కదిలారు. వంటింట్లోంచి ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ, నన్ను పలకరించి దాటుకుంటూ బయటికి వెళ్తున్నారు. నా స్నేహితురాలు కూతుర్ని చంకనెత్తుకుని వెళ్తూ, రెండో చేత్తో నా చేయి పట్టుకుని లాగింది. "రండక్కా, ఇవాళ మీ మోకాళ్ళ మాట వినేది లేదు."

గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. మా అమ్మాయి బయటినుంచి, "అమ్మా, డోంట్ బీ బోరింగ్, రా!" అని అరిచింది. అది డెక్ అంచున, జనం మధ్యలో ఉంది. ఎంతమంది ఎక్కారో లెక్కపెట్టబోయి నలభై దగ్గర ఆగిపోయాను.

"అందరూ లోపలికి రండి," అన్నాను. ఎవరికీ వినపడలేదు. సైట్లో క్రేన్ కింద నిలబడ్డవాళ్ళ మీద అరిచే గొంతు ఒకటి నాకుంది, ఇళ్ళల్లో వాడను. అది తీశాను. "డెక్ ఆగదు. ఒకరి తర్వాత ఒకరు నెమ్మదిగా లోపలికి రండి. ఎవరూ పరిగెత్తకండి. గెంతకండి. పిల్లలు ముందు."

మా అమ్మాయి ఒక్కతే నా మొహం చూసి వెంటనే పిల్లల చేతులు పట్టుకుని నడిపించింది. మిగతావాళ్ళు వచ్చారు కానీ, వచ్చిన తీరు చూడాలి. హెల్మెట్ టోపీలు సర్దుకుంటూ, కేకు ప్లేట్లు పట్టుకుని, ఇష్టంలేని పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. "పుట్టినరోజు పూట ఇదేంటండీ," అని ఒకావిడ గొణిగింది. మేనేజర్, "ప్రాబబిలిటీ తక్కువే అయ్యుంటుంది," అన్నాడు. అరగంట కిందట మార్ష్‌మాలో నిలబెట్టలేకపోయిన మనిషి. గోడ తీసినావిడ పక్కనున్నావిడ వంక చూసి కనుబొమ్మలు ఎగరేసింది. వీళ్ళందరి నోళ్ళకి భయపడా నేను మూడేళ్ళు నోరుమూసుకున్నది అని, అప్పుడు, వాళ్ళని చూస్తూ, నామీద నాకే అసహ్యం వేసింది.

ఇంటాయన నవ్వు తగ్గింది. "అక్కా, మూడేళ్ళలో ఎన్ని పార్టీలు చేశాం ఇక్కడ! ఏమీ కాలేదు కదా? మీరే కదా బాగుందన్నారు."

"కిందకి రండి, చూపిస్తాను," అన్నాను.

నలుగురం బేస్‌మెంట్‌లోంచి పెరట్లోకి వెళ్ళాం. నేను, ఆయన, కూతుర్ని ఎత్తుకుని నా స్నేహితురాలు, మా అమ్మాయి. డెక్ కిందకి వెళ్ళొద్దని పక్కనే ఆపాను. డెక్ దూలానికి చిన్న ప్లాస్టిక్ ఉయ్యాల వేలాడుతోంది. పక్కన ఇసక తొట్టె, బొమ్మ బకెట్లు. ఎండాకాలం పైన నీడ ఉంటుందని పిల్లకి అక్కడ పెట్టారు.

ఆయన్ని మాత్రం గోడ పక్కనుంచి నా వెంట తీసుకెళ్ళి చూపించాను. బోల్టులుండాల్సిన చోట మేకులు, వాటి కింద ఎర్రటి చారలు, నీళ్ళు దిగి నల్లబడ్డ చెక్క. ఆయన ఇంజనీరే, ఏ రకమైనా సరే, చూస్తే అర్థమైంది. మొహంలో రక్తం లేదు. సందు ఎంతుందో ఆయనకి తెలియాలని వేలు పెట్టి చూపించాను. బొటనవేలు సగం దాకా దూరింది.

"ఇది చూడండి," అన్నాను. పనిలో ఉన్నప్పుడు నా నోరు నా మాట వినదు, సైట్లో యజమానికి చెప్పినట్టే చెప్పుకుపోయాను. "పోయిన దీపావళికి గోరు మాత్రమే పట్టేది. ఆర్నెల్లలో ఇంత జరిగింది. ఇవాళ అందరూ గెంతి ఉంటే..."

ఆపేశాను. కానీ అప్పటికే ఆలస్యమైంది.

"పోయిన దీపావళికి చూశారా అక్కా?" అంది నా స్నేహితురాలు, పక్కనుంచి.

అబద్ధం చెప్పొచ్చు. ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది కూడా. "చూశాను. అంతకు ముందు కూడా చూశాను. కొబ్బరికాయ కొట్టిన రోజే చూశాను," అన్నాను.

ఆయన నా వంక చూడకుండా ఆ మేకులవైపే చూస్తున్నాడు. పైన వంటింట్లోంచి జనం మాటలు వినిపిస్తున్నాయి.

"మరి చెప్పలేదేం?" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను. నిజంగా అర్థంకాక అడుగుతోంది.

"నీకు కోపం వస్తుందని. నువ్వూ నన్ను పిలవడం మానేస్తావని," అన్నాను. యాభయ్యేళ్ళ ఆడదాన్ని, ముద్ర వేసే ఇంజనీర్‌ని, బడిపిల్లలా నిలబడి చెప్పాను.

"వచ్చేది. నిజమే, కోపం వచ్చేది," అంది ఆమె. "ఓ నెల మాట్లాడేదాన్ని కాదేమో. అంతేగా అక్కా."

అప్పుడు మా అమ్మాయి నోరు తెరిచింది. మూడేళ్ళ కిందట, హైస్కూల్ ఆఖరి ఎండాకాలం, అది రోజూ మధ్యాహ్నాలు ఈ ఇంటికి వచ్చి ఈ పిల్లని చూసుకునేది. నేను దింపి ఆఫీసుకి వెళ్ళేదాన్ని. అది నా వంక చూస్తూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "అమ్మా, ఆ సమ్మర్ నువ్వు నాకు ఎవ్రీ డే చెప్పావు. డెక్ మీద వెళ్ళకు, కింద కూర్చోకు, ఎండ చాలా ఉంది, పాపతో లోపల ఉండు. ఎవ్రీ డే. నువ్వు సన్‌స్క్రీన్ కూడా కొన్నావు." తలెత్తి డెక్ వంక చూసింది. "ఇట్ వాజ్ నాట్ ద సన్."

కాదు. ఎండ కాదు. నా పిల్లకి నిజం చెప్తే అది వెళ్ళి వాళ్ళకి చెప్పేస్తుందని, ఎండ అని చెప్పాను. రోజూ చెప్పాను. మరవకుండా చెప్పాను. అది నమ్మింది, విన్నది, ఆ ఎండాకాలమంతా లోపలే కూర్చుంది. ఎండాకాలం అయిపోయాక మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది, ఈ పిల్ల బయటికి వచ్చి ఉయ్యాల ఎక్కింది.

నా స్నేహితురాలు మా అమ్మాయి వంక చూసింది, నా వంక చూసింది. చంకలో పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. ఆరేళ్ళ పిల్ల, బరువే. దాన్ని కిందకి మాత్రం దించలేదు.

"నాకు కూడా ఎండ అనే చెప్పాల్సింది కదక్కా," అంది.